కనిపెట్టుకుని ఉండడం: రెండు శ్రీరాంపూర్ల మధ్య

తెలుగు క్రైస్తవ చరిత్రలో రెండు శ్రీరాంపూర్లు తగులుతాయి. ఒకటి హుగ్లీ ఒడ్డున, కలకత్తాకు కాస్త ఎగువన ఉంది. ఇంగ్లీషువాళ్ల నోట పడి సెరంపూర్‌గా మారి, మన పాస్టర్ల బి.డి. పట్టాల మీదికి ఎక్కిన ఊరు అదే. రెండోది గోదావరికి ఎడమ గట్టున, మంచిర్యాలకు ఆనుకుని, సింగరేణి బొగ్గు బాయిల చుట్టూ లేచిన ఊరు. ఆర్కే-5, ఆర్కే-7, ఎస్సార్పీ-3 అంటూ గని పేరు చెబితే ఎక్కడుంటారో అక్కడివాళ్లకు తెలిసిపోతుంది. పేరు కలిసిందే తప్ప ఈ రెండు ఊళ్లకూ చుట్టరికం లేదు. అయినా పక్కపక్కన పెట్టి చూడబుద్ధవుతుంది. శ్రమలూ ఎదురుచూపూ విశ్వాసాన్ని గట్టిపరుస్తాయని మన సంఘాల్లో ప్రతి ఆదివారం ఎక్కడో ఒకచోట వినిపిస్తూనే ఉంటుంది. ఆ మాటను చరిత్ర ముందు నిలబెట్టి అడిగితే తొలి రుజువులు ఆ శ్రీరాంపూర్‌లో దొరుకుతాయి. గట్టి అభ్యంతరాలు ఈ శ్రీరాంపూర్‌లో ఎదురవుతాయి.

ముందు మాటల సంగతి తేల్చుకోవాలి. దేవుని కోసం ఎదురుచూడడాన్ని తెలుగు బైబిలు భాషలో కనిపెట్టుకుని ఉండడం అంటారు. బయటి తెలుగులో కనిపెట్టడమంటే తెలియనిదాన్ని కనుక్కోవడం, దొంగను పసిగట్టడం, చంటిపిల్లను ఒక కంట చూసుకుంటూ ఉండడం. అంటే ఈ మాటలో ఉన్నది చేతులు ముడుచుకుని కూర్చునే ఎదురుచూపు కాదు, కళ్లు తెరిచి కాచుకునే ఎదురుచూపు. 1938లో రాజమండ్రిలో ముంగమూరి దేవదాసు అయ్యగారు మొదలుపెట్టిన బైబిలు మిషనులో కనిపెట్టడం ఏకంగా ఒక సాధన అయింది. ఇక రెండో మాట శ్రమ. గుడిలో శ్రమ అంటే బాధ, కష్టం, శోధన. గుడి గడప దాటితే శ్రమ అంటే పని, రెక్కల కష్టం, శ్రమజీవి హక్కు. బొగ్గు బాయిల ఊళ్లో ఈ రెండు అర్థాలూ ఒకే మనిషి ఒంటి మీద ఉంటాయి. ప్రసంగంలో శ్రమను ఓర్చుకోమంటారు, యూనియన్ మీటింగులో శ్రమకు తగ్గ ఫలితం అడగమంటారు. ఒకే మాటకు రెండు ఆజ్ఞలు. ఈ చిక్కుముడి విప్పకుండా శ్రమ విశ్వాసాన్ని పెంచుతుందా లేదా అన్నదానికి జవాబు చెప్పలేం. నాకు చరిత్ర చెబుతున్నట్టు అనిపించేది ఇది: శ్రమ దానంతటది ఎవరినీ గట్టిపరచలేదు. ఎదురుచూసే కాలంలో చేతికందిన అడ్డదారిని వదులుకున్నచోట, అదీ ఒంటరిగా కాక నలుగురితో కలిసి వదులుకున్నచోట విశ్వాసం గట్టిపడింది. మిగిలినచోట్ల అది విరిగింది, లేదా తల దాచుకుంది.

హుగ్లీ ఒడ్డు సంగతి చూద్దాం. ఇంగ్లీషు మిషనరీ విలియం కేరీ 1793 నవంబరులో బెంగాల్‌లో దిగాడు. కృష్ణపాల్ అనే వడ్రంగి బాప్తిస్మం తీసుకున్నది 1800 డిసెంబరు 28న. మధ్యలో ఏడేళ్లు ఒక్క ఫలితం లేదు. తర్వాత శ్రీరాంపూర్‌లోని మిషను ముద్రణశాల దేశభాషలన్నిటికీ అక్షరాలు పోతపోసే కొలిమి అయింది. 1812 మార్చి 11 రాత్రి అది తగలబడింది. వేల రూపాయల కాగితం, పద్నాలుగు భాషల అచ్చక్షరాలు, ఏళ్ల తరబడి రాసుకున్న ప్రతులు కాలిపోయాయి. కాలినవాటిలో తెలుగు అచ్చులున్నాయి, కేరీ రాసుకున్న తెలుగు వ్యాకరణం ఉంది. రెండేళ్లకు, 1814లో, ఆ వ్యాకరణం మళ్లీ రాయగా అచ్చై బయటికొచ్చింది. 1818లో తెలుగు కొత్త నిబంధన వచ్చింది. ఈ కథను ప్రసంగీకులు అగ్నిలో పుటం పెట్టిన బంగారంలా చెబుతారు. కానీ ఆ బూడిదలో వెతికితే ఇంకో సంగతి దొరుకుతుంది. కరిగి ముద్దయిన సీసం అక్షరాల పక్కన, వాటిని పోయడానికి వాడే ఉక్కు ముద్రలూ అచ్చుదిమ్మెలూ చెక్కుచెదరకుండా మిగిలాయి. పంచానన్ కర్మాకర్ అనే బెంగాలీ కమ్మరి తన బతుకు చివరి రోజుల్లో అక్కడ నేర్పిన చేతిపని అతని అల్లుడు మనోహర్ చేతుల్లో బతికే ఉంది. అందుకే వారాల్లో మళ్లీ అక్షరాలు పోతపోయగలిగారు. మంట వాళ్లను బలపరచలేదు. మంటకు ముందే చేసిపెట్టుకున్న పని, నేర్పిపెట్టిన చెయ్యి, సముద్రాలకవతల చందా పోగుచేసిన సంఘం వాళ్లను నిలబెట్టాయి.

అదే ఇంట్లో ఇంకో సాక్షి ఉంది, ఆమెను ప్రసంగాల్లో ఎవరూ పిలవరు. కేరీ భార్య డొరొతీ ఇంగ్లండు దాటి రావడానికి మొదట ఒప్పుకోలేదు. వచ్చాక 1794లో అయిదేళ్ల కొడుకు పీటర్ చనిపోయాడు. ఆ తర్వాత ఆమె మతి చలించింది, 1807లో చనిపోయేదాకా కుదుటపడలేదు. భర్తను ఓపికకు మారుపేరుగా నిలబెట్టిన శ్రమే భార్యను విరిచేసింది. ఆమెకు ఆ ప్రయాణం తాను ఎంచుకున్నది కాదు, ఆ ఎదురుచూపులో పాలుపంచుకునే తోడూ లేదు. శ్రమ బలపరుస్తుంది అన్న సూత్రాన్ని వాదనకు పెట్టేవాళ్లు డొరొతీని పక్కన కూర్చోబెట్టుకుని వాదించాలి. మిషన్ల చరిత్రలన్నీ నిలబడ్డవాళ్లు రాసుకున్నవి, లేదా నిలబడ్డవాళ్ల గురించి రాసినవి. పడిపోయినవాళ్లకు జీవితచరిత్రలు అరుదు. ఈ అభ్యంతరం బలమైనది, దీన్ని తోసెయ్యడానికి లేదు. కాబట్టి ఎవరు మిగిలారు అని లెక్కపెట్టి ఊరుకోకుండా, మిగిలినవాళ్లు ఆ మధ్యకాలంలో ఏం చేశారు అన్నది చూడాలి.

అలా చూడడానికి ఒంగోలుకు మించిన చోటు తెలుగునాట లేదు. అమెరికన్ బాప్టిస్టు శామ్యూల్ డే 1836లో తెలుగు నేలకు వచ్చాడు, 1840లో నెల్లూరు చేరాడు. ఇరవై ఏళ్లకు పైగా చేరినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అమెరికాలో మిషను సంఘం ఈ తెలుగు పని మూసేద్దామా అని మళ్లీ మళ్లీ తర్జనభర్జన పడింది. 1853లో ఆల్బనీ సభలో దాన్ని పటంలో ఒంటరిగా మినుకుమనే చుక్కతో పోల్చారు, ఒంటరి తార మిషన్ అన్న పేరు అలా నిలిచిపోయింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీలైన లైమన్ జూయెట్ దంపతులూ, నర్సు, జూలియా, రూతు అనే ముగ్గురు తెలుగు విశ్వాసులూ ఒంగోలు పక్కనున్న కొండెక్కి ప్రార్థించారు. ఒంగోలుకు ఒక మనిషిని పంపమన్నది ఆ ప్రార్థన. ఆ మిషను పంపిన జాన్ క్లౌ అక్కడ కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్ల ఎదురుచూపు. ఇక్కడ మనవాళ్ల కథ మరుగున పడుతుంటుంది. దొర రావడానికి ముందే తాళ్లకొండపాడులో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోలు వ్యాపారి దేవుణ్ని వెతుక్కుంటూ వీరమ్మ అనే గురువు దగ్గర రాజయోగం నేర్చుకుంటున్నాడు. వ్యాపారం మీద తిరుగుతూ వేరే మిషను వాళ్ల దగ్గర క్రీస్తు మాట విన్నాడు. ఒంగోలులో దొర దిగాడని తెలిసి తనే వెళ్లి కలిశాడు, 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. కొండ మీద అయిదుగురు కనిపెడుతుంటే మాదిగవాడలో ఒకడు తన దారిన తాను కనిపెడుతున్నాడన్నమాట. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది.

పేరయ్య చుట్టాల ద్వారా ఊరూరా పాకిన ఆ నమ్మకానికి మూడు కట్టుబాట్లుండేవి. చచ్చిన పశువు మాంసం తినకూడదు, ఆదివారం పని చెయ్యకూడదు, విగ్రహాల ముందు మొక్కకూడదు. వినడానికి చిన్నవి. కానీ మాదిగల డప్పు లేకుండా ఊరి జాతర నడవదు, మాదిగల వెట్టి లేకుండా రైతు పని నడవదు. అందుకే కరణం మునసబుల కోపం, పని నిరాకరణ, దెబ్బలు, తప్పుడు కేసులు వచ్చిపడ్డాయి. ఇవి అసలైన శ్రమలు. వాటిలో నిలబడ్డవాళ్లు పైనుంచి ఏదో వచ్చి కాపాడుతుందని ఊరికే కూర్చోలేదు. ఒక కుటుంబానికి పని పోతే ఇంకో ఊళ్లో చుట్టాలు ఆదుకున్నారు, పిల్లలను బడికి పంపారు, చదువొచ్చినవాడు రానివాడికి చదివి వినిపించాడు. 1876 నాటికి ఆ ప్రాంతంలో వేల మందిని కలిపే అల్లిక తయారై ఉంది. సరిగ్గా అప్పుడు ధాత కరువు వచ్చింది.

దక్షిణ దేశాన్ని ఊడ్చిపెట్టిన ఆ 1876-78 కరువులో, ఊరి బయట వాడలే ముందు ఖాళీ అయ్యాయి. బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కరువు పనిగా మొదలైంది. సర్వే పని తెలిసిన క్లౌ మూడున్నర మైళ్ల కాలువ కాంట్రాక్టు తీసుకున్నాడు, మాదిగ ప్రసంగీకులను మేస్త్రీలుగా పెట్టాడు. వేల మంది అక్కడ కూలీ చేసి బతికారు. సాయంత్రం పని దిగాక ఆ మేస్త్రీలే బోధించేవాళ్లు. చేరతామని జనం మొర పెట్టుకున్నారు. క్లౌ ఒప్పుకోలేదు. కూడు పెట్టే చేత్తో బాప్తిస్మం ఇస్తే అది కూటి కోసం వచ్చిన విశ్వాసమవుతుందని సుమారు 15 నెలలు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. మిషను లెక్కల పుస్తకం కోరుకునేది సంఖ్య, ఆ సంఖ్య గుమ్మంలో నిలబడి ఉంటే ఆయన తలుపు తియ్యలేదు. కరువు పని అయిపోయింది, ఇక పెట్టడానికి డబ్బు లేదు అని తేలిపోయాక 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున తలుపు తెరిచాడు. 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తం మూడు రోజుల్లో 3,536 మంది. ప్రపంచమంతా 2,222 అన్న అంకెనే గుర్తుపెట్టుకుంది. నాకు మాత్రం దాని ముందున్న పదిహేను నెలల సున్నా పెద్ద అంకెలా కనిపిస్తుంది.

ఇంతా చేసి వాళ్లు బియ్యం క్రైస్తవులే కదా అని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. గతంలో పెట్టిన కూడు మీది కృతజ్ఞతా, మళ్లీ కరువొస్తే ఆదుకుంటారన్న ఆశా పని చేసి ఉండవచ్చు. మనిషి మనసులో ఒక్క కారణమే ఉంటుందని ఎవరూ అనలేరు. అయితే ఈ ఆక్షేపణలో ఒక లొసుగుంది. ఆకలితో ఉన్నవాడు మతం మార్చుకుంటే అది కూటి కోసమనీ, కడుపు నిండినవాడు మార్చుకుంటే అది తత్వజిజ్ఞాస అనీ తీర్పు చెప్పేవాళ్లు తూకంరాళ్లు మార్చి తూస్తున్నారు. పేరయ్యకు రాజయోగం నేర్చుకునేంత జిజ్ఞాస ఉందని మరిచిపోతున్నారు. పైగా కూడు ఆగిపోయాక వచ్చినవాళ్లను కూటి కోసం వచ్చారనడం ఎట్లా? క్లౌ ఆలస్యం చేసింది ఈ ప్రశ్న ముందే తెలిసే. ఆ ఆలస్యం జనం విశ్వాసానికి ఎంత పరీక్షో, మిషను నిజాయితీకి అంతకంటే పెద్ద పరీక్ష.

ఇక ఇటువైపు, నిజాం రాజ్యంలోకి. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనుక్కున్నాడు, అదీ ఒక కనిపెట్టడమే. 1886లో లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టింది, 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది, 1920లో సింగరేణి కాలరీస్ అన్న పేరు వచ్చింది. ఇల్లెందు బొగ్గు బయటికి పోయే రైలు దారి డోర్నకల్‌లో పెద్ద లైను కలుస్తుంది. ఆ జంక్షన్ ఊళ్లోనే, తిరునెల్వేలి తమిళులు 1903లో తమ డబ్బుతో పెట్టుకున్న మిషను తరఫున వి.ఎస్. అజరయ్య 1909లో కాపురం పెట్టాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన్ని బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. 1910లో ఎడింబరో సభలో తెల్ల మిషనరీలను మీరు మాకు డబ్బూ ప్రాణమూ ఇచ్చారు, స్నేహం ఇవ్వలేదన్న అర్థంలో నిలదీసినవాడు కూడా ఆయనే.

అజరయ్య కనిపెట్టినవి రెండు. ఒకటి గుడి. తెల్లవాళ్ల గోతిక్ చర్చీ నకలు కాకుండా, దేవాలయ మండపం స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసిన కట్టడం కావాలనుకున్నాడు. బయటి డబ్బు దండిగా తెప్పించి తొందరగా కట్టెయ్యవచ్చు. కానీ తన సంఘం మాల మాదిగ కూలీల సంఘం, వాళ్ల చేతుల్లోంచి వచ్చే కానుకకు అందులో చోటుండాలి. వండేముందు పిడికెడు బియ్యం పక్కకు తీసిపెట్టే ఆడవాళ్ల వేగంతోనే ఆ పని నడిచింది. బిషప్పయిన 26 ఏళ్లకు, 1939 జనవరి 6న, డోర్నకల్ ఎపిఫనీ కథీడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. రెండోది ఐక్యత. 1919 మేలో తరంగంబాడిలో వేర్వేరు సంఘాల భారతీయ నాయకులు కూడి, పరదేశపు తగాదాలతో మనం ఎందుకు చీలిపోయి ఉండాలి అని ప్రకటన చేశారు. దాని వెనక అజరయ్య ఉన్నాడు. బిషప్పుల పరంపర గురించీ, ప్రభువు బల్ల ఎవరు వడ్డించాలన్నదాని గురించీ వాదోపవాదాలు పాతికేళ్లు దాటాయి. తనకిష్టమైన రెండు మూడు సంఘాలతో వేరుకుంపటి పెట్టుకుంటే ఎప్పుడో అయిపోయేది. ఆయన ఆ పని చెయ్యలేదు. 1945 జనవరి 1న కన్నుమూశాడు, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం పుట్టింది. రెండేళ్ల తొమ్మిది నెలల తేడా. కనిపెట్టుకుని ఉన్నవాడు కంటితో చూడలేదు.

ఇల్లెందు పొరలు తరిగే కొద్దీ బొగ్గు పని కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం మీదుగా పాకింది, శ్రీరాంపూర్ ఆ పాకుడులో తర్వాతి మజిలీ. కరీంనగర్, వరంగల్, ఖమ్మం పల్లెల నుంచి వచ్చిన కూలీలతో పాటే వాళ్ల దేవుళ్లూ వచ్చారు. గని మొగదల మైసమ్మ వెలిసింది. క్వార్టర్లలో ప్రార్థన కూడికలు మొదలయ్యాయి. బాప్టిస్టులు, సీఎస్ఐ వాళ్లు, కతోలికులు, పెంతెకొస్తువాళ్లు, బక్త్ సింగ్ హెబ్రోను సహవాసాల దారిలో నడిచేవాళ్లు అందరూ ఉన్నారు. ఈ బెల్టులో సంఘ జీవితం షిఫ్టుల ప్రకారం నడుస్తుంది. ఆదివారం ఆరాధనకు వచ్చేది ఎవరన్నది ఆ వారం మస్టర్ ఏ షిఫ్టుకు పడిందన్నదాన్ని బట్టి ఉంటుంది. రాత్రి షిఫ్టు దిగిన భర్త తలుపు తట్టేదాకా ఇంట్లో మేలుకుని ఉండడం ఎవరూ పేరుపెట్టని ఒక ప్రార్థన. అది విశ్వాసానికి బలమిచ్చిందా అంటే, చాలామందికి ఇచ్చింది. ఆ తలుపు తట్టిన చప్పుడు వినబడని ఇళ్లలో ఏమైంది అన్నది వేరే ప్రశ్న.

2003 జూన్ 16న గోదావరిఖని 7ఎల్ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది చనిపోయారు. 2021 నవంబరు 10న శ్రీరాంపూర్ ఎస్సార్పీ-3, 3ఏ గనిలో పైకప్పు కూలి నలుగురు చనిపోయారు. ఇట్లాంటి చావుల తర్వాత క్రైస్తవ ఇళ్లలో ఆదరణ కూడిక పెడతారు. శ్రమ గురించిన బోధకు అదే అసలైన పరీక్ష స్థలం. అక్కడ బొగ్గు ఒత్తిడికి వజ్రమవుతుంది, శ్రమకు మనిషీ అంతే అని చెప్పే బోధకులున్నారు. బొగ్గు బాయి ఊళ్లో ఈ ఉపమానం చెప్పడానికి కొంచెం ధైర్యం కావాలి. గోదావరి లోయ బొగ్గు ఇరవై అయిదు కోట్ల ఏళ్లకు పైబడ్డ అడవుల మట్టి. అది అంతకాలం ఒత్తిడి పడీ బొగ్గుగానే ఉంది. వజ్రాలు బొగ్గు నుంచి పుట్టవు, భూమిలో ఇంకా ఎంతో లోతున వేరే దారిలో పుడతాయి. బొగ్గు గురించి గనివాళ్లకు తెలిసిన నిజం ఇంకొకటి ఉంది. తవ్వి పోసి పట్టించుకోకుండా వదిలేస్తే గాలి తగిలి, ఎవరూ నిప్పంటించకుండానే లోలోపల వేడెక్కి రాజుకుంటుంది. వదిలేసిన ఎదురుచూపూ అంతే. యోబు స్నేహితులు ఏడు రోజులు నేల మీద కూర్చుని నోరు విప్పనంతసేపు సరిగానే ఉన్నారు. బాధకు కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే దారి తప్పారు. ఆదరణ కూడికల్లో నిజంగా ఆదరించేది ఏమిటంటే, నెల తర్వాత కూడా వచ్చి కాగితాలు నింపిపెట్టే మనిషి, ప్రావిడెంట్ ఫండ్ ఆఫీసుకు తోడుగా వెళ్లే సంఘపెద్ద, పిల్ల ఫీజు కట్టే నలుగురు.

ఇక్కడ యూనియన్ వైపు నుంచి పెద్ద అభ్యంతరం వస్తుంది. ఓర్చుకోమని చెప్పడం యజమానికి లాభం కాదా? పైకప్పు కూలితే అది దేవుని పరీక్ష అనడం, సపోర్టు సరిగా పెట్టారా లేదా అన్న ప్రశ్నను మింగెయ్యదా? సింగరేణిలో ఎనిమిది గంటల పని, క్వార్టరు, దవాఖాన, ఇవేవీ మోకాళ్ల మీద నిలబడి తెచ్చుకున్నవి కావనీ, కొట్లాడి తెచ్చుకున్నవనీ అంటారు. ఈ మాటలో సగానికి పైగా నిజం ఉంది. గుడిలో శ్రమ అన్న మాటకున్న అర్థంతో గనిలో శ్రమ అన్న మాటకున్న అర్థాన్ని కప్పిపెట్టిన ప్రసంగాలు తక్కువేం కాదు. కానీ దీనికి జవాబు ఆ ఉద్యమాల్లోనే ఉంది. 1981లో ఇదే బెల్టు 56 రోజులు సమ్మె చేసింది. 2011 సకల జనుల సమ్మెలో నెలకు పైగా గనులు ఆగాయి. జీతం లేకుండా, అప్పిచ్చేవాడు మొహం తిప్పుకుంటుంటే, ఇవ్వాళ డ్యూటీ ఎక్కితే చేతిలో పడే డబ్బును వదులుకుని నలుగురితో కలిసి నిలబడడం ఎదురుచూపు కాక మరేమిటి? క్లౌ పదిహేను నెలలకూ అజరయ్య పాతికేళ్లకూ దీనికీ స్వభావంలో తేడా లేదు. అన్నిట్లోనూ ఉన్నది అడ్డదారి నిరాకరణే. కనిపెట్టడం అన్న మాటకు గనిలో ఒక అర్థం ఉంది. పనిలోకి దిగేముందు సర్దార్ కర్రతో పైబండను తట్టి మోత వింటాడు. గట్టిగా మోగితే సరే, డొల్లగా మోగితే మనుషులను వెనక్కి లాగుతాడు. ఆ కర్ర చేతిలో పెట్టుకుని కూడా తట్టకుండా, దేవుడే చూసుకుంటాడని లోపలికి పంపేవాణ్ని భక్తుడని ఎవరూ అనరు.

కాబట్టి ఎదురుచూపుల్లో తేడా చూడాలి. మనిషి ఒక మంచికోసం తానుగా భరించేది ఒకటి. ఇంకొకరు తమ సౌకర్యం కోసం అతని మీద మోపేది ఇంకొకటి. మొదటిది విశ్వాసాన్ని పెంచినట్టు ఒంగోలూ డోర్నకలూ చూపిస్తాయి. రెండోదానికి ఈ బెల్టులో ఉదాహరణలు చాలానే ఉన్నాయి. 1990ల తొలినాళ్లలో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల దరిదాపుకు వచ్చింది. తండ్రి పని కొడుక్కి వస్తుందన్న నమ్మకం మీద కట్టిన కాపురాలు వారసత్వ ఉద్యోగాలు ఆగడంతో, కోర్టుల్లో నలగడంతో, కారుణ్య నియామకాల పేరుతో మళ్లీ తెరుచుకోవడంతో ఏళ్లకేళ్లు గుమ్మంలోనే నిలబడ్డాయి. మెడికల్ బోర్డు పిలుపు కోసం చూసే ఇల్లూ, ప్రార్థన జవాబు కోసం చూసే ఇల్లూ ఒకటే. ఇట్లాంటి చోట ఈ నెలలోనే నీ ద్వారం తెరుచుకుంటుంది అని తేదీ చెప్పి కానుక అడిగే బోధ ఎందుకు అమ్ముడుపోతుందో అర్థం చేసుకోవచ్చు. అది ఎదురుచూపును దగ్గరి దారిలో దాటించే బేరం, గుండ్లకమ్మ ఒడ్డున క్లౌ కుదుర్చుకోని బేరం. తేదీ దాటిపోయినప్పుడు అక్కడ పోయేది కానుక ఒక్కటే కాదు.

అన్నిటికంటే పాత ఎదురుచూపు కాగితం మీద ఉంది. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడికి షెడ్యూల్డు కులం హోదా ఉండదు. 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ దాన్ని సడలించారు, క్రైస్తవులకూ ముస్లిములకూ సడలించలేదు. మన రాష్ట్రాల్లో క్రైస్తవుడైన మాల, మాదిగ బీసీ-సి లోకి పోతాడు, అక్కడ ఉన్నది ఒక శాతం రిజర్వేషన్. సింగరేణి ప్రభుత్వ రంగ సంస్థ కాబట్టి ఈ తేడా నేరుగా ఉద్యోగం మీద పడుతుంది. దాని ఫలితం అందరికీ తెలిసిందే, ఎవరూ గట్టిగా మాట్లాడనిదే: సంఘం రిజిస్టరులో ఒక పేరు, సర్టిఫికెట్లో ఇంకో పేరు. ఇది కపటమని వెక్కిరించేవాళ్లున్నారు. డబ్బై ఏళ్లు దాటిన ఈ శ్రమ విశ్వాసాన్ని గట్టిపరిచింది కదా, ఇంత జరిగినా గుళ్లు నిండే ఉన్నాయి కదా అని మురిసేవాళ్లూ ఉన్నారు. ఇద్దరితోనూ ఏకీభవించడం కష్టం. విశ్వాసం నిలిచింది, నిజమే. కానీ తల దాచుకుని నిలిచింది. పేరయ్య ఊరి మధ్యన డప్పు కొట్టనని బాహాటంగా చెప్పగలిగాడు, ఆయన మునిమనవల తరం తమ పేరు బాహాటంగా చెప్పుకోలేకపోతోంది. దీన్ని దేవుడు పెట్టిన పరీక్ష అనేముందు, దీన్ని పెట్టింది మనుషులు రాసిన ఉత్తర్వు అని ఒప్పుకోవాలి. అజరయ్య కూడా పరాయి దేశపు తగాదాలను దేవుని చిత్తమని భరించలేదు, అవి మనుషులు చేసినవని చెప్పి వాటితోనే పాతికేళ్లు పెనుగులాడాడు.

మూడో పేరాను సవాలు చేస్తూ 2004లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేశారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ హోదాను మతంతో ముడిపెట్టవద్దని చెప్పింది. 2022 అక్టోబరులో, చెప్పిందాన్నే మళ్లీ పరిశీలించమన్నట్టుగా, జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన రెండేళ్ల గడువుతో ఇంకో కమిషన్ వేశారు, ఆ గడువునూ పొడిగించారు. వ్యాజ్యం వేసిన ఏడాది శ్రీరాంపూర్ క్వార్టర్లలో పుట్టిన పిల్లవాడు బాయి దిగే వయసుకు వచ్చేశాడు. దరఖాస్తు ఫారం నింపుతూ పేరు రాస్తాడు, తండ్రి పేరు రాస్తాడు, పుట్టిన తేదీ రాస్తాడు. కులం, మతం అన్న గళ్ల దగ్గరికి వచ్చేసరికి కలం ఆపి, పక్కన కూర్చున్న తల్లి మొహంలోకి చూస్తాడు.